75 దాటాక ఐదో గేర్లో బండి లాగట్లేదు: కార్బొరేటర్ మార్చేముందు ఏమేం చూడాలి?

మహదేవపుర150

150 సీసీ, 2014 మోడల్, సీవీ కార్బొరేటర్ (ఇంజిన్ పీల్చే గాలికి లోపలి తలుపు తానే లేచే రకం), 46,000 కిలోమీటర్లు తిరిగిన బండి. స్టార్టింగ్ బాగుంది, ఐడిల్ 1,400 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా ఉంది, సిటీలో ఏ ఇబ్బందీ లేదు. హోసకోటె వైపు ఓల్డ్ మద్రాస్ రోడ్డెక్కి ఐదో గేర్లో యాక్సిలరేటర్ ముప్పావుకు పైన తిప్పితే 75 దాకా పోతుంది. అక్కణ్ణుంచి ఎవరో వెనకనుంచి పట్టుకున్నట్టు మెల్లగా 60కి దిగిపోతుంది. యాక్సిలరేటర్ తగ్గించి కాసేపు సగంలో ఉంచితే మళ్ళీ అందుకుంటుంది. న్యూట్రల్‌లో రేస్ చేస్తే మాత్రం 8,000 దాకా గుక్కతిప్పుకోకుండా పోతుంది.

ప్లగ్గు, ఎయిర్ ఫిల్టర్ మార్చాను. పెట్రోల్ పైపు మధ్యలో కొత్త ఫిల్టర్ కూడా వేయించాను. షెడ్డులో కార్బొరేటర్ అసెంబ్లీ మొత్తం మార్చాలంటున్నారు. అంతకంటే ముందు ఇంటి దగ్గర చేసుకోదగ్గ పరీక్షలేమైనా ఉంటే చెప్పండి.

మెయిన్‌జెట్

కార్బొరేటర్ జోలికి ఇప్పుడే పోకండి. పానా పట్టేముందు మూడు సంగతులు తేల్చుకోవాలి, సగం పని అక్కడే అయిపోతుంది.

ఒకటి, యాక్సిలరేటర్ తిప్పిన వెంటనే నీరసిస్తోందా, లేక కొన్ని సెకన్లు బాగా లాగి ఆ తర్వాత నీరసిస్తోందా? ఇది అన్నిటికంటే ముఖ్యం. ఈ సైజు కార్బొరేటర్ బౌల్‌లో (అడుగున పెట్రోల్ నిలవుండే గిన్నెలో) పట్టేది సుమారు 20 నుంచి 30 మిల్లీలీటర్ల పెట్రోల్. 150 బండి ఫుల్ త్రాటిల్‌లో నిమిషానికి 65, 70 మి.లీ. తాగుతుంది. అంటే ట్యాంక్ నుంచి పెట్రోల్ సరిగా దిగకపోయినా బౌల్‌లో ఉన్నదాంతో 20, 30 సెకన్లపాటు ఏమీ తెలియకుండా నడిచిపోతుంది. ఆ తర్వాతే నీరసం. జెట్ (పెట్రోల్ కొలతగా వదిలే సన్నటి రంధ్రం) మూసుకున్నా, డయాఫ్రమ్ (లోపలి రబ్బరు పొర) చిరిగినా, స్పార్క్ పోతున్నా అంత గడువు ఇవ్వదు, తిప్పగానే చూపిస్తుంది.

రెండు, ఒకే ఆర్‌పీఎం దగ్గర అన్ని గేర్లలోనూ వస్తోందా, లేక బరువు పడ్డప్పుడే వస్తోందా? న్యూట్రల్‌లో 8,000 పోవడం చూసి ఇంజిన్ బాగుందనుకోవద్దు. న్యూట్రల్‌లో ఇంజిన్‌కి కావలసిన పెట్రోల్ చాలా తక్కువ, సిలిండర్ లోపల ఒత్తిడీ తక్కువ. అక్కడ ఏ లోపమూ సరిగా బయటపడదు.

మూడు, నీరసించినప్పుడు చోక్ సగం లాగితే ఏమవుతోంది? కాస్త ఊపిరి పోసుకుంటే పెట్రోల్ తక్కువవుతోందని అర్థం. ఇంకా కుంగితే పెట్రోల్ ఎక్కువైంది, లేదా గాలి తక్కువైంది.

లెవెల్ రోడ్డు మీద స్పీడ్ పెంచి పరీక్షించొద్దు. ఎత్తెక్కే రోడ్డు మీద మూడో గేర్లోనో నాలుగో గేర్లోనో చేస్తే తక్కువ స్పీడ్‌లోనే ఇంజిన్ మీద పూర్తి బరువు పడుతుంది.

నీలిస్పార్క్

పైన చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. స్పార్క్ పోవడానికీ పెట్రోల్ చాలకపోవడానికీ సీటు మీద తేడా తెలిసిపోతుంది. స్పార్క్ పోతే టక్కున కొట్టినట్టు కుదుపు, ఒక్కోసారి సైలెన్సర్‌లో టప్‌మనే చప్పుడు. పెట్రోల్ చాలకపోతే కుదుపేమీ లేకుండా మెత్తగా కుంగుతుంది. ఆర్‌పీఎం ముల్లును కూడా గమనించండి. చాలా బళ్ళలో దానికి సిగ్నల్ ఇగ్నిషన్ సర్క్యూట్ నుంచే వస్తుంది. బండి కుదిపినప్పుడు ముల్లు ఒక్కసారి పడి లేస్తే పికప్ కాయిల్ (స్పార్క్ ఎప్పుడు రావాలో సిగ్నల్ ఇచ్చేది), సీడీఐ (స్పార్క్ నడిపే డబ్బా), వైరింగ్ వైపు చూడాలి. ముల్లు నిలకడగానే ఉండి బండి మాత్రం కుదుపుతుంటే హెచ్‌టీ కాయిల్ (ప్లగ్గుకి ఎక్కువ వోల్టేజ్ ఇచ్చేది) తర్వాతి భాగం, అంటే వైరు, క్యాప్, ప్లగ్గు.

టప్పెట్

క్లచ్ సంగతి ముందే తేల్చేసుకోండి. ఐదో గేర్లో 45 మీద ఒక్కసారి ఫుల్ తిప్పండి. ఆర్‌పీఎం ఎగిసి స్పీడ్ పెరగకపోతే ప్లేట్లు జారుతున్నట్టు. స్పీడూ ఆర్‌పీఎం కలిసే పడుతుంటే క్లచ్‌ని వదిలేయొచ్చు. ఇంజిన్ ఆయిల్ డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉందో లేదో కూడా చూడండి, కారు ఆయిల్ పోస్తే తడి క్లచ్ (ఆయిల్‌లో మునిగి ఉండేది) జారొచ్చు. సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రం చేత్తో తిప్పి బ్రేక్ పట్టేసి లేదని నిర్ధారించుకోండి. ఇదంతా ఐదు నిమిషాల పని.

మహదేవపుర150

చూశాను. క్లచ్ జారట్లేదు, చక్రం ఫ్రీగానే ఉంది. ఎత్తు రోడ్డు మీద నాలుగో గేర్లో ఫుల్ తిప్పితే 25 సెకన్లు శుభ్రంగా లాగింది, ఆ తర్వాత మెత్తగా కుంగింది. కుదుపు లేదు, ముల్లు పడి లేవడం లేదు. యాక్సిలరేటర్ తగ్గిస్తే 10, 15 సెకన్లలో మళ్ళీ అందుకుంటోంది. చోక్ సగం లాగితే రెండు మూడు సెకన్లు బలం వచ్చి మళ్ళీ పోతోంది. ఇంకొకటి, ట్యాంక్ ఫుల్ చేయించిన రోజు మరీ ఎక్కువగా ఉంటోంది. దీనికీ దానికీ సంబంధం ఉంటుందా?

పుదుపేట పానా

అన్నా, ఆ ఆఖరి మాట మొదట్లోనే చెప్పాల్సింది. ట్యాంక్ మూత చూడు.

పెట్రోల్ కిందికి దిగాలంటే దిగినంత మేర పైనుంచి గాలి లోపలికి రావాలి. ఆ గాలి మూతలో ఉండే సన్నటి దారిలోంచి వస్తుంది. దుమ్ము, వానకి చేరిన బురద, తుప్పు, ఏదో ఒకటి ఆ దారిని మూసేస్తుంది. ఇక్కడ మద్రాసులో ఉప్పుగాలికి మూత లోపలి చిన్న స్ప్రింగూ గుండూ పట్టేసుకోవడం మామూలే.

ట్యాంక్‌కీ కార్బొరేటర్‌కీ మధ్య ఎత్తు మహా అయితే 30 సెంటీమీటర్లు. ఆ ఎత్తు నుంచి పెట్రోల్ ఇచ్చే ఒత్తిడి వాతావరణ ఒత్తిడిలో 2 శాతమే. అంటే ట్యాంక్ లోపల గాలి 2 శాతం పలచబడితే చాలు, పెట్రోల్ దిగడం ఆగిపోతుంది. ట్యాంక్ సగముంటే లోపల ఆరేడు లీటర్ల గాలి ఉంటుంది కాబట్టి ఆ 2 శాతం రావడానికి టైమ్ పడుతుంది. ఫుల్‌గా ఉంటే గాలి ఒక లీటరు కూడా ఉండదు, 20 మి.లీ. దిగేసరికే లెక్క అక్కడికొచ్చేస్తుంది. అందుకే ఫుల్ ట్యాంక్ రోజు ఎక్కువ.

నీరసించిన చోటే బండి ఆపి మూత తీసి చూడు. సుయ్‌మని గాలి లోపలికి పీల్చుకుంటే సందేహమే అక్కర్లేదు.

మెయిన్‌జెట్

మూతే అయ్యుండొచ్చు, కానీ అదొక్కటేనని ఇప్పుడే తీర్మానించొద్దు. పెట్రోల్ దారిలో ఏడు చోట్ల అడ్డు పడొచ్చు: మూత, ట్యాంక్ లోపల ట్యాప్‌కుండే జాలీ, ట్యాప్, పైపు, మధ్యలో ఫిల్టర్, కార్బొరేటర్ ముఖంలో ఉండే చిన్న జాలీ, ఫ్లోట్ నీడిల్ (బౌల్ నిండగానే పెట్రోల్ ఆపే సూది) కూర్చునే రంధ్రం. కళ్ళతో చూస్తే ఏదీ తేలదు. కొలవాలి.

కొలిచే పద్ధతి చెబుతాను. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, ఆరుబయట, కీ ఆఫ్ చేసి, దగ్గర్లో నిప్పు గానీ దీపం గానీ లేకుండా చేయాలి. మి.లీ. గీతలున్న కప్పు ఒకటి, సెకన్ల గడియారం ఒకటి చాలు. ట్యాంక్‌లో సగం పైన పెట్రోల్ ఉండాలి. ట్యాప్ ఆఫ్ చేసి కార్బొరేటర్ దగ్గర పైపు ఊడదీసి, దాని కొసను కార్బొరేటర్ ఎత్తులోనే ఉంచి కప్పులో పెట్టండి. కింద నేల మీద పెడితే ఎత్తు పెరిగి లెక్క తప్పుతుంది.

మూత బిగించి ట్యాప్ ఆన్ చేసి మూడు నిమిషాలు, ఏ నిమిషానికి ఆ నిమిషం ఎంత దిగిందో విడిగా రాసుకోండి. తర్వాత మూత తెరిచి అంతే సేపు. తర్వాత మధ్యలో ఫిల్టర్ తీసేసి ఉత్త పైపుతో ఒకసారి. ఆఖరికి పైపు మళ్ళీ కార్బొరేటర్‌కి తగిలించి, బౌల్ కింద డ్రెయిన్ స్క్రూ వదులు చేసి దాని గొట్టంలోంచి వచ్చేది కొలవండి. మొదట్లో బౌల్‌లో ఉన్నది వచ్చేస్తుంది, దాన్ని పారనిచ్చి ఆ తర్వాతి నిమిషాన్ని లెక్కేయండి. ఈ చివరిది చాలామంది చేయరు. నీడిల్ సీటూ ముఖద్వారం జాలీ ఎలా ఉన్నాయో చెప్పేది ఇదొక్కటే.

ఎంత రావాలి? 14 హార్స్‌పవర్ అంటే సుమారు 10 కిలోవాట్లు. ఇలాంటి ఇంజిన్ పూర్తి బలంతో నడిచేటప్పుడు కిలోవాట్-గంటకు 300 గ్రాముల చొప్పున లెక్కేసుకుంటే గంటకు 3 కిలోలు, అంటే 4 లీటర్లు. నిమిషానికి 67 మి.లీ. ట్యాంక్ ఖాళీ అవుతున్నకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి డ్రెయిన్ దగ్గర కనీసం దానికి రెట్టింపు, 140 పైన, నిలకడగా రావాలి. పైపు కొసన అంతకంటే బాగా ఎక్కువ రావాలి.

ట్యాప్ ఆన్‌లోనూ రిజర్వ్‌లోనూ విడివిడిగా చూడండి. ఒకదానికీ ఇంకోదానికీ చాలా తేడా ఉంటే ట్యాంక్ లోపలి జాలీలో చెత్త పట్టినట్టు.

రాయచోటి_కోరమంగళ

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. నా బండిదీ ఇలాంటి గోలే గానీ కొన్ని సెకన్ల తర్వాత కాదు, తిప్పగానే 5,000 దగ్గర బొంయ్‌మని ఆగిపోతుంది. అన్ని గేర్లలోనూ అంతే. చోక్ లాగితే ఇంకా కుంగుతోంది. ఇదీ సీవీ కార్బొరేటరే.

పుదుపేట పానా

నీది వేరే జబ్బు తమ్ముడూ. స్లైడ్ (కార్బొరేటర్ నోట్లో పైకి కిందికి కదిలే గాలి తలుపు) లేవట్లేదు.

సీవీలో కేబుల్ తిప్పేది లోపలి రేకు బిళ్ళని మాత్రమే. స్లైడ్‌ని పైకి లేపేది ఇంజిన్ పీల్చే గాలి, ఆ గాలి పట్టుకునేది రబ్బరు డయాఫ్రమ్‌ని. దానికి సూది మొనంత చిల్లి పడ్డా స్లైడ్ సగంలో ఆగుతుంది. ఎయిర్ ఫిల్టర్ వైపు పైపు తీసి కార్బొరేటర్ నోట్లోకి చూస్తూ ఎవరిచేతనైనా గట్టిగా రేస్ ఇప్పించు. స్లైడ్ చురుగ్గా లేవాలి. కదలకుండా కూర్చుంటే పై మూత రెండో నాలుగో స్క్రూలు తీసి డయాఫ్రమ్‌ని ఎండలోకి ఎత్తిపట్టు. వేళ్ళతో మెల్లగా సాగదీస్తూ చుట్టూ తిప్పు. ముడత లోపలి అంచు దగ్గరే ముందు చిరుగుతుంది, మామూలుగా పట్టుకుంటే కనపడదు.

కార్బొరేటర్ చేతిలో ఉంటే ఇంకో పరీక్ష. స్లైడ్ పూర్తిగా పైకి నెట్టి, దాని అడుగునున్న చిల్లిని వేలితో మూసి వదులు. డయాఫ్రమ్ బాగుంటే అక్కడే వేలాడి నింపాదిగా దిగుతుంది. చిల్లి ఉంటే టక్కున పడిపోతుంది.

రెండు జాగ్రత్తలు. డయాఫ్రమ్ మీద కార్బ్ క్లీనర్ స్ప్రే పడనీయొద్దు, రబ్బరు ఉబ్బి గాడిలో కూర్చోదు. పొరపాటున ఉబ్బితే పారెయ్యకు, ఒకరోజు గాలికి ఆరబెడితే చాలావరకు యథాస్థితికొస్తుంది. బిగించేటప్పుడు అంచున ఉన్న చిన్న నాలుక సరిగ్గా గుంటలో పడాలి. కింద నుంచి వేలితో స్లైడ్‌ని కొద్దిగా పైకెత్తి పట్టుకుని మూత పెట్టు, లేకపోతే రబ్బరు నలిగి కొత్తదీ లీకవుతుంది.

టప్పెట్

రాయచోటి గారూ, డయాఫ్రమ్ బాగుంటే సైలెన్సర్ చూడండి. చోక్‌కి కుంగడం దానికీ సరిపోతుంది. బెండ్ పైపు నట్లు రెండూ వదులు చేసి ఒక్క నిమిషం రేస్ చేయండి, చప్పుడు భరించాలి. అప్పుడు 5,000 సులువుగా దాటితే లోపల మసి గానీ విరిగిన క్యాటలిస్ట్ ముక్క గానీ అడ్డుపడింది. నెలల తరబడి నిలబెట్టిన బళ్ళలో కందిరీగలు మట్టిగూడు పెట్టడం కూడా ఉంటుంది.

మహదేవపుర150

కొలిచాను. సగం పైన ట్యాంక్, ట్యాప్ ఆన్.

మూత బిగించి: మొదటి నిమిషం 95, రెండో నిమిషం 60, మూడో నిమిషం 40 మి.లీ.
మూత తెరిచి: మూడు నిమిషాలూ 110కి అటూఇటూ.
మూత తెరిచి, ఫిల్టర్ తీసేసి: 340.
రిజర్వ్‌లోనూ దాదాపు అంతే.
ఫిల్టర్ లేకుండా డ్రెయిన్ దగ్గర: 185.

ఫిల్టర్ ఫొటో పెట్టాను. లోపల మడతల కాగితం ఉంది. పైపు కాస్త పొడుగుండటంతో ఫిల్టర్ దగ్గర పైకి వంపు తిరిగింది.

మెయిన్‌జెట్

ఇంత స్పష్టంగా లెక్కలు రావడం అరుదు. రెండు లోపాలు కలిశాయి. మూత బిగిస్తే నిమిషనిమిషానికీ పడిపోతోందంటే గాలి దారి మూసుకుంది. మూత తీసినా 110 దాటట్లేదు, ఫిల్టర్ తీస్తే 340 అంటే అడ్డం ఫిల్టర్‌లో ఉంది. డ్రెయిన్ దగ్గర 185 వచ్చింది కాబట్టి నీడిల్ సీటు, జాలీ శుభ్రంగా ఉన్నాయి. కార్బొరేటర్‌ని తాకాల్సిన పనే లేదు.

ఆ కాగితం ఫిల్టర్ పంపు ఉన్న కార్లకు. పంపు తోస్తుంది కాబట్టి అక్కడ సరిపోతుంది. పై నుంచి తన బరువుతో దిగే పెట్రోల్‌కి అంత తోపు ఉండదు. నైలాన్ జాలీ ఉన్న చిన్న బైక్ ఫిల్టర్ తీసుకోండి, జేసీ రోడ్డు షాపుల్లో దొరుకుతుంది. లేదా ట్యాంక్‌లో జాలీ బాగుంటే ఫిల్టర్ లేకుండానే వదిలేయొచ్చు, చాలా బళ్ళు అలాగే తయారై వచ్చాయి. పైపును ఎక్కడా పైకి వంపు లేకుండా, ట్యాప్ నుంచి కార్బొరేటర్ దాకా ఏకవాలుగా ఉండేలా కోయండి. వంపులో గాలి బుడగ చేరితే అదీ అడ్డమే. బాణం గుర్తు కార్బొరేటర్ వైపు ఉండాలి.

మూతకి లోపలి ప్లేటు స్క్రూలు తీసి, గాలి దారిలోకి కిరోసిన్ చుక్కలు వేసి కంప్రెసర్ గాలి కొట్టించండి. స్క్రూలు తీసేటప్పుడు కింద గుడ్డ పరుచుకోండి, స్ప్రింగు ఎగిరిపోతుంది. నూనె, గ్రీజు పెట్టొద్దు, దుమ్ము మళ్ళీ అంటుకుంటుంది.

ఎఫ్‌ఐ125

బీఎస్6 ఎఫ్‌ఐ (ఫ్యుయల్ ఇంజెక్షన్) బళ్ళకీ ఈ పరీక్షలు పనికొస్తాయా?

నీలిస్పార్క్

మూత పరీక్ష పనికొస్తుంది, మిగతావి కాదు. అక్కడ ట్యాంక్‌లోనే పంపు ఉంటుంది. చాలా బళ్ళలో లైన్ ఒత్తిడి 3 బార్‌కి అటూఇటూ. గేజ్ తగిలించి ఐడిల్‌లోనూ రేస్‌లోనూ ఒత్తిడి నిలుస్తుందో లేదో చూడాలి, పంపు అడుగు జాలీ చూడాలి. అంతకంటే ముందు మీటర్‌లో ఇంజిన్ లైట్ ఏమైనా చెబుతోందేమో చూసుకోండి. వివరాలకు వేరే చర్చ మొదలుపెట్టండి, ఇక్కడ కలిపితే రెండూ పాడవుతాయి.

రాయచోటి_కోరమంగళ

డయాఫ్రమ్ చిరిగి ఉంది, ముడత దగ్గర అర సెంటీమీటరు. చెప్పింది చెప్పినట్టే. మార్చాక 9,000 పోతోంది. ఇంకో సందేహం, బెంగళూరు ఎత్తులో ఉంది కదా, ఊరి నుంచి తెచ్చిన బండికి మెయిన్ జెట్ ఒక సైజు తగ్గించాలా?

మెయిన్‌జెట్

వద్దు. బెంగళూరు 900 మీటర్ల పైన ఉంది, గాలి సముద్రమట్టంతో పోలిస్తే 9, 10 శాతం పలచన. ఆ మేరకు బలం తగ్గడం సహజం, జెట్ మార్చినా అది తిరిగి రాదు. మిశ్రమం మాత్రం రిచ్ (పెట్రోల్ ఎక్కువ) వైపు 4, 5 శాతమే జరుగుతుంది, ఎందుకంటే గాలి పలచబడితే జెట్ లోంచి పీల్చే పెట్రోల్ కూడా కొంత తగ్గుతుంది.

దీనికి ఎదురుగా ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) ఉంది. 2023 ఫిబ్రవరిలో ఈ బెంగళూరులోనే విడుదల చేశారు, ఇప్పుడు ఎక్కడ చూసినా అదే. ఉత్త పెట్రోల్‌కి 1 పాలుకి 14.7 పాళ్ళ గాలి కావాలి, 20 శాతం ఇథనాల్ కలిస్తే సుమారు 13.5 పాళ్ళే. అంటే అదే జెట్‌తో మిశ్రమం 8 శాతం దాకా లీన్ (పెట్రోల్ తక్కువ) అవుతుంది. ఎత్తు ఒకవైపు లాగితే ఇంధనం రెండో వైపు లాగుతోంది, మొత్తం మీద కొంచెం లీన్ వైపే ఉంటాం. ఇలాంటప్పుడు జెట్ తగ్గిస్తే ఫుల్ త్రాటిల్‌లో ఇంజిన్ మితిమీరి వేడెక్కొచ్చు. కంపెనీ సైజే ఉంచండి. మూసుకుంటే తీగ పెట్టి పొడవొద్దు, రంధ్రం పెద్దదవుతుంది. గాలి కొట్టండి. జెట్ పైన ఉండే ఎమల్షన్ ట్యూబ్ (పెట్రోల్‌లో గాలి కలిపే గొట్టం) పక్క చిల్లులు కూడా చూడండి, జెట్ ఒక్కటే శుభ్రం చేసి దాన్ని వదిలేయడం తరచూ జరిగే పొరపాటు.

మహదేవపుర150

మూత శుభ్రం చేశాను, జాలీ ఫిల్టర్ వేసి పైపు పొట్టిగా కోశాను. ఇప్పుడు మూత బిగించే మూడు నిమిషాలూ 290, డ్రెయిన్ దగ్గర 170. ఎత్తు మీద రెండు నిమిషాలు ఫుల్ తిప్పినా కుంగలేదు.

కానీ కొత్తది ఒకటి తేలింది. 20 నిమిషాలు గట్టిగా నడిపాక 6,500 పైన టక్ టక్‌మని కుదుపు. ముల్లు నిలకడగానే ఉంది. చల్లబడ్డాక ఉండదు.

నీలిస్పార్క్

ఇది కొత్తది కాదు, ఉన్నదే. ముందు బండి అంతసేపు అంత బరువు మీద నడవనే లేదు కాబట్టి బయటపడలేదు. ఫుల్ త్రాటిల్‌లో సిలిండర్ ఒత్తిడి పెరిగేకొద్దీ ప్లగ్గు గ్యాప్ దూకడానికి ఎక్కువ వోల్టేజ్ కావాలి. దారిలో ఎక్కడ బలహీనత ఉంటే అక్కడ నిప్పు తప్పిపోతుంది.

ముల్లు నిలకడగా ఉందన్నారు కాబట్టి క్యాప్‌తో మొదలుపెట్టండి. బండి వేడిమీద ఉండగానే, కుదుపు వస్తున్నప్పుడే ఆపి కొలవాలి. చల్లారాక కొలిస్తే ఏమీ దొరకదు. క్యాప్‌ని వైరు మీంచి మరలాగా తిప్పి తీయండి, లాగొద్దు. రెసిస్టర్ క్యాప్ అయితే రెండు కొసల మధ్య 5 కిలో ఓమ్‌ల దగ్గర చూపాలి. తర్వాత పికప్ కాయిల్, హెచ్‌టీ కాయిల్ కొలిచి చల్లారాక మళ్ళీ కొలవండి. రాగి తీగ రెసిస్టెన్స్ 10 డిగ్రీలకు 4 శాతం చొప్పున పెరుగుతుంది. 220 ఓమ్‌ల పికప్ కాయిల్ వేడి మీద 265 చూపితే కంగారుపడొద్దు. రెట్టింపైనా, అసలు రీడింగే రాకపోయినా అప్పుడే అనుమానించాలి. ప్లగ్గు గ్యాప్ 0.7 మిల్లీమీటర్లు ఉందేమో గేజ్‌తో చూడండి, కొత్త ప్లగ్గు డబ్బాలోంచే సరిగ్గా వస్తుందన్న నమ్మకం లేదు.

టప్పెట్

క్యాప్‌తో పోకపోతే టప్పెట్లు (వాల్వ్‌ల దగ్గర సందు) చూడండి. ఎగ్జాస్ట్ బిగువైతే వేడెక్కాక వాల్వ్ పూర్తిగా మూసుకోదు. రాత్రంతా చల్లారిన ఇంజిన్ మీద, టీ గీత (పిస్టన్ పైకొచ్చినట్టు చూపే గుర్తు) కలిపి, రెండు రాకర్లూ వదులుగా ఉన్నప్పుడు చూడాలి. చాలా 150 బళ్ళకు ఇన్‌టేక్ 0.05, ఎగ్జాస్ట్ 0.1 మి.మీ. చుట్టుపక్కల, మీ మాన్యువల్ అంకె ఖాయం.

మహదేవపుర150

క్యాప్ చల్లగా 5.2 కిలో ఓమ్‌లు, వేడిమీద ఒకసారి 18, ఇంకోసారి అసలు రీడింగే లేదు. లోపలి స్ప్రింగు కొస పచ్చగా చిలుము పట్టి ఉంది. పికప్ కాయిల్ 208, వేడిమీద 247. హెచ్‌టీ కాయిల్‌లో తేడా ఏమంత లేదు. వైరు కొస 6 మిల్లీమీటర్లు కోసి మెరిసే రాగి వచ్చాక కొత్త క్యాప్ తిప్పి బిగించాను. గ్యాప్ 0.85 ఉంటే 0.7 చేశాను. 40 నిమిషాలు నడిపాక కూడా కుదుపు లేదు, ఐదో గేర్లో 95 దాకా ఎక్కడా ఆగలేదు.

మెయిన్‌జెట్

బాగుంది. 500 కిలోమీటర్లయ్యాక డ్రెయిన్ స్క్రూ వదులు చేసి కొంచెం పెట్రోల్ గాజు గ్లాసులోకి పట్టి చూడండి. అడుగున ఎర్రటి పొడి కనబడితే ట్యాంక్ లోపల తుప్పు మొదలైనట్టు, నీటి బొట్టు విడిగా కూర్చుంటే మూత రబ్బరు మార్చాలి.

మహదేవపుర150

చూసి ఇక్కడే రాస్తాను.